మొగ దాటాక

4 జనవరి 1976, ఆదివారం

ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో రాసి పెట్టుకుంటే, తర్వాత నన్ను నేను తిట్టుకోవడానికైనా పనికొస్తుంది.

మధ్యాహ్నం సుబ్బరత్నం గారు వచ్చారు. గవర్నర్‌పేటలో పళ్ల డాక్టరు. ఆయన నవ్వితే పక్కింటివాళ్లు కూడా తొంగిచూస్తారు. ఆయనా మావారూ కలిసి కిందటేడు ఒక తెరచాప పడవ కొన్నారు. ఆదివారం చర్చిలో పూజ అయిపోగానే సీతానగరం వైపు రేవు నుంచి బయల్దేరి, భవానీ ద్వీపం చుట్టి, ఎండెక్కేలోగా వచ్చేస్తుంటారు. ఇప్పుడు నది చాలడం లేదట. పడవని లారీలో బందరు చేర్చి, అక్కణ్ణించి సముద్రంలోకి వెళ్లి, మంగినపూడి ఒడ్డున భోజనం చేసి సాయంత్రానికి తిరిగి రావాలట. వాళ్లతో వెళ్లాల్సిన బ్యాంకు ఆయనకి కర్నూలు బదిలీ అయిపోయింది.

"మూడో మనిషి లేకపోతే సముద్రంలో కష్టం," అన్నారు సుబ్బరత్నం గారు.

మావారు నావైపు చూశారు. "అమల ఉందిగా!"

నాకు ఈత రాదు. నేను లెక్కల టీచర్ని. నా ధైర్యమంతా పదో తరగతి ఆడపిల్లల ముందే.

పైగా అంతోని గారు ఒక షరతు పెట్టారు. ఆయన సరుకు ఓడల మీద ఆఫీసరుగా పనిచేసి రిటైరయ్యారు, సొంతూరు బందరైనా ఇప్పుడు ఇక్కడే ఉంటున్నారు. బందరులో పడవ దింపడానికి ఏర్పాట్లన్నీ ఆయనే చేయాలి. సముద్రంలో పడవ తిరగబడితే ఎలా బతకాలో ముగ్గురూ తన దగ్గర నేర్చుకుంటే తప్ప పడవ నీళ్లలోకి దిగదన్నారట.

"నాకు నేర్పేదేముంది? కృష్ణ ఒడ్డున పుట్టినవాణ్ణి," అని మావారు నవ్వారు. నిజమే. ఇబ్రహీంపట్నంలో పవర్ హౌస్ కడుతున్న ఇంజనీరు ఆయన. అంత ఎత్తు పరంజాల మీద చేతులు వదిలి నడుస్తారు. భయమన్నది ఎరగని మనిషి.

నేను ఒడ్డున కూర్చుని ఎదురుచూసేకంటే పక్కన ఉండటమే నయం. నేనుంటే ఆయన దుడుకు తగ్గుతుంది. అంతే. ఇందులో నా భయం సంగతేమీ లేదు.

సంపూర్ణకి తొమ్మిదేళ్లు. దాని అమ్మా నాన్నా ఒకే పడవలో.

ఈ ముక్క రాయకుండా ఉండాల్సింది.

11 జనవరి, ఆదివారం

మొదటి పాఠం. చీర వద్దన్నారు అంతోని గారు. మావారి పాత పైజమా నా కొలతకి కుట్టించి, పొడుగు చొక్కా వేసుకుని బయల్దేరితే మా అత్తయ్య తెరేసమ్మ గారు గుమ్మంలో నిలబడిపోయారు.

"ఇదేం వేషమే అమలమ్మా?"

"చీరైతే కాళ్లకి చుట్టుకుంటుందంట అత్తయ్యా. మునిగిపోతామంట."

"అయితే నీళ్లలో దిగడం మానెయ్."

చెప్పులు తొడుక్కుని బయటపడ్డాను.

అంతోని గారు పొట్టిగా, పెద్ద చెవులతో, చాలా మెల్లగా మాట్లాడే మనిషి. యుద్ధం రోజుల్లో ఓడ మునిగితే చిన్న పడవలో చాలా రోజులు సముద్రం మీద ఉన్నారని సుబ్బరత్నం గారు చెప్పారు. దాని గురించి ఎవరడిగినా "ఉప్పు ఎక్కువైంది" అని ఊరుకుంటారట.

నడుములోతు నీళ్లలో వెల్లకిలా పడుకోమన్నారు. చెవులు నీళ్లలో మునగగానే బయటి చప్పుడంతా ఆగిపోయి నా ఊపిరి నాకే పెద్దగా వినిపించింది. ఎవరో నా లోపల తలుపు కొడుతున్నట్టుంది. కాళ్లు కొట్టుకున్నాను, నీళ్లు మింగాను, ఆయన చొక్కా పట్టుకుని లేచాను.

"ఈ భయం పోవాలంటే ఏం చేయాలండీ?" అనడిగాను.

"పోదమ్మా. పోవాలని నేనూ చెప్పను. నువ్వు భయపడుతూ ఉండు, నీ చేతులు మాత్రం చెప్పిన పని చేసుకుపోవాలి."

మావారు రేవు మెట్ల మీద కూర్చుని సుబ్బరత్నం గారితో తాళ్ల గురించి మాట్లాడారు. నీళ్లలో దిగలేదు. జలుబట.

18 జనవరి

మావారు రాలేదు. పవర్ హౌస్ దగ్గర కాంక్రీటు పోస్తున్నారు.

ఇవాళ చెప్పింది మునిగిపోయే మనిషి గురించి.

"మునిగేవాడికి ఆ కాసేపూ నువ్వు అమలమ్మవి కాదు. నిచ్చెనలో మెట్టువి. ఎక్కేస్తాడు. అమ్మయినా ఎక్కేస్తుంది, కొడుకైనా ఎక్కేస్తాడు. అందుకని దగ్గరికి పోకూడదు. తెడ్డో, తాడో, డబ్బానో ఏదో ఒకటి అందించాలి. నిన్ను మాత్రం అందించకు."

చెప్పి ఊరుకోలేదు. తనే మునుగుతున్నట్టు వచ్చి నా భుజాలు పట్టి కిందికి నొక్కారు. వయసులో నా తండ్రంతటి మనిషి, అంతా ఉత్తుత్తిదే అని తెలుసు. అయినా కేక పెట్టాను. రేవులో బట్టలుతికేవాళ్లు ఇటు తిరిగి చూశారు. సుబ్బరత్నం గారు నవ్వబోయి ఎందుకో ఆపేసుకున్నారు.

ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

25 జనవరి

పడవని తిరగేశారు. దాని కింద దూరి, లోపల మిగిలే గాలిలో తల పెట్టి, కాసేపుండి, ఊపిరి బిగబట్టి మళ్లీ బయటికి రావాలి.

మూడుసార్లు పడవ అంచు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. నాలుగోసారి కళ్లు మూసుకుని మేరీమాత మంగళవార్త జపం అనుకుంటూ దూరాను. లోపల ఆకుపచ్చ చీకటి. చెక్కల వాసన, తారు వాసన. అవతల అంతోని గారు పడవ మీద వేలితో తట్టారు. నేనూ తట్టాను. ఎందుకో ఏడుపొచ్చింది, అదీ భయం వల్ల కాదు.

సుబ్బరత్నం గారు కూడా చేశారు. మావారు రాలేదు. కాంక్రీటు.

"ఇంజనీరు గారు ఇది చేస్తేగానీ పడవెక్కడానికి లేదు," అన్నారు అంతోని గారు. ఆ మాట ఇంట్లో చెప్పాను. "పెద్దాయనకి చాదస్తం," అన్నారు మావారు.

29 జనవరి

సాయంత్రం మావారు వస్తూనే, "నాదీ అయిపోయింది," అన్నారు. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు రేవు దగ్గర దిగి పడవ కింద దూరి వచ్చారట. సుబ్బరత్నం గారు చూశారట, అంతోని గారికి చెబుతారట.

తల ఆరిపోయే ఉంది. పొద్దున తీసుకున్న పాపిట చెదరకుండా అలాగే ఉంది. టవలు తీసుకెళ్లి ఉంటారు. దువ్వెన ఎప్పుడూ జేబులో ఉంటుంది.

1 ఫిబ్రవరి

ఈసారి ఇద్దరం కలిసి దిగుదాం అన్నాను. వినిపించుకోలేదు.

11 ఫిబ్రవరి, బుధవారం

గుణదల తిరునాళ్లు. కొండ మెట్ల మీద ఇసకేస్తే రాలనంత జనం. అత్తయ్యా, సంపూర్ణా, నేనూ కొవ్వొత్తులు వెలిగించి వచ్చాం. మేరీమాతని ఏం అడిగావని సంపూర్ణ అడిగింది. మీ నాన్నకి ప్రమోషన్ అన్నాను.

మేం సముద్రంలోకి వెళ్లే ఆదివారం తుఫాను రావాలని అడిగాను. ఫిబ్రవరిలో తుఫానేమిటి, నా పిచ్చి గానీ.

15 ఫిబ్రవరి

ఆఖరి పాఠం. లైఫ్ జాకెట్ కట్టుకోవడం. ఛాతీ దగ్గర ఒక పట్టీ, నడుం దగ్గర ఒకటి, రెండింటికీ ముడి ముందువైపే. అంతోని గారు నా చేత కట్టించి, గట్టిగా లాగి చూశారు.

"తడిస్తే ఇంకా బిగుసుకుంటుంది. తెలిసి విప్పితే తప్ప ఊడదు." తర్వాత వెళ్లబోతూ ఆగి, "పడవ తిరగబడితే పడవనే పట్టుకుని ఉండండి. ఒడ్డు దగ్గరగా కనిపిస్తుంది. దగ్గరగా ఉండదు," అన్నారు.

నా మొహం చూసి, "రాకపోయినా తప్పేం లేదమ్మా," అన్నారు.

ఆ క్షణంలో రానని చెప్పేస్తే సరిపోయేది. "ఫర్వాలేదండీ," అన్నాను. నా నోటికి ఆ మాట ఎప్పుడూ ముందే వస్తుంది.

21 ఫిబ్రవరి, శనివారం, బందరు

అంతోని గారి చెల్లెలి ఇంట్లో దిగాం. లడ్డూలు పెట్టారు. సముద్రం ఇక్కడికి కనబడదు. గాలిలో మాత్రం ఉంది. తలగడ కూడా తడితడిగా ఉంది.

మావారు మధ్యాహ్నం నుంచీ తెగ మాట్లాడుతున్నారు. మామూలుగా ఇంత మాట్లాడరు. ఉత్సాహం కాబోలు.

24 ఫిబ్రవరి, మంగళవారం

బతికి ఉన్నాం. ముగ్గురమూ.

25 ఫిబ్రవరి

స్కూలుకి సెలవు పెట్టాను. ఇంటినిండా జనం. పటమట చర్చి వాళ్లు, పవర్ హౌస్ వాళ్లు, సుబ్బరత్నం గారి బంధువులు. వచ్చినవాళ్లందరికీ మావారే చెబుతున్నారు. అల వచ్చి పడవని ఎలా బోర్లించిందో, తను నన్ను ఎలా పట్టుకుని ఉన్నారో, సాయంత్రం దాకా ఎలా వదలకుండా ఉన్నారో.

"వదిలితే పోయేది. నా రెండు చేతులతో పట్టుకునే ఉన్నాను," అంటున్నారు. చేతులు చాచి చూపిస్తున్నారు కూడా.

అందరూ నావైపు తిరుగుతారు. నేను తలూపుతాను. కాఫీలు ఇస్తాను.

అత్తయ్య కృతజ్ఞత పూజ చెప్పించారు.

29 ఫిబ్రవరి, ఆదివారం

అన్నం ఉడికేలోగా రాసేస్తాను. రాస్తే పోతుందేమో.

తెల్లవారి పూజ చూసుకుని గిలకలదిండి దగ్గర పడవెక్కాం. కాలవ వెళ్లి సముద్రంలో కలిసేచోటు ఉంది, మొగ అంటారు. దాన్ని దాటేటప్పుడు పడవ ముక్కు లేచి పడింది, అంతే. నలుగురు పట్టరు కాబట్టి అంతోని గారు ఒడ్డునే ఉండి చూస్తూ చెయ్యెత్తారు. మంగినపూడి దాకా సముద్రం మా స్కూలు నేలలాగే ఉంది. నాకు భయం వేయలేదు. ఇది నిజం. పులిహోర తిన్నాం. పులిహోర తిన్నానని ఎందుకు రాస్తున్నానో.

వచ్చేటప్పటికి గాలి తిరిగింది. మొగ దగ్గర అలలు నిలువుగా లేస్తున్నాయి. చుక్కాని సుబ్బరత్నం గారి చేతిలో ఉంది. మావారి దగ్గర తెరచాప తాడు. గాలి గట్టిగా కొడితే తాడు వదిలేయాలని పాఠం. మావారు వదల్లేదు. బిగించి పట్టుకున్నారు. ఆయన లైఫ్ జాకెట్ ఉక్కగా ఉందని విప్పి కింద వేసుకుని కూర్చున్నారు. కట్టుకోండని పొద్దుటి నుంచి రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెబితే సుబ్బరత్నం గారి ముందు బాగుండదని ఊరుకున్నాను.

పక్క నుంచి వచ్చింది అల. ఒరిగాం అనుకునేలోగా బోర్లా పడ్డాం.

నేను పడవ కిందే ఉన్నాను. చీకటి. తారు వాసన. వేలితో చెక్క మీద తట్టాను. ఎవరూ తట్టలేదు. ఊపిరి బిగబట్టి బయటికి వచ్చాను. అవతలి వైపు నుంచి సుబ్బరత్నం గారు "చెల్లెమ్మా! చెల్లెమ్మా!" అని అరుస్తున్నారు.

మావారు వచ్చి నన్ను పట్టుకున్నారు. తర్వాత నేను పక్కన తేలుతున్న నీళ్ల డబ్బా ఆయనకి ఇచ్చాను. తర్వాత ముగ్గురం పడవ పట్టుకుని ఉన్నాం. నీళ్లు మమ్మల్ని లోపలికి లాక్కుపోయాయి. ఒడ్డు మీద సరుగుడు చెట్లు విడివిడిగా కనబడుతూనే ఉన్నాయి, ఇదిగో ఈదితే చేరిపోతాం అన్నట్టు. సుబ్బరత్నం గారు ఈదుతానన్నారు. వద్దన్నాను. అంత గట్టిగా నేనెవరితోనూ ఎప్పుడూ మాట్లాడలేదు. సాయంత్రమయ్యేసరికి పళ్లు కొట్టుకునేంత చలి. ముగ్గురం దగ్గరగా జరిగి కాళ్లు ముడుచుకుని ఉన్నాం. చీకటి పడబోతుండగా ఇశ్రాయేలు అనే ఆయన చేపల పడవ వచ్చింది. మేం రాకపోయేసరికి అంతోని గారు పంపించారు.

ఇంతే జరిగింది.

1 మార్చి

ఇంతే కాదు.

2 మార్చి

పొద్దున సంపూర్ణకి జడ వేస్తుంటే మావారు వెనక నుంచి వచ్చి నా భుజం మీద చెయ్యేశారు. దువ్వెన విసిరేసి గోడకి ఆనుకుపోయాను. సంపూర్ణ భయపడింది. "బల్లి," అన్నాను.

3 మార్చి, విభూది బుధవారం

నుదుట విభూది పెట్టించుకుని వచ్చి నేరుగా రాస్తున్నాను. చర్చిలో గురువు దగ్గర పాపసంకీర్తనం చేసుకుందామని వరసలో నిలబడి, నా వంతు రాబోతుండగా తప్పుకుని వచ్చేశాను. చెప్పుకోవడానికి అది నా పాపం కాదు.

ఆయన నన్ను వెనక నుంచి పట్టుకున్నారు. భుజాల మీదికి ఎక్కారు. నేను మునిగాను, తేలాను, మళ్లీ మునిగాను. అంతవరకూ అంతోని గారు చెప్పినట్టే. మునిగేవాడికి నేను మెట్టుని. నాకది తెలుసు. దానికి నాకేం కోపం లేదు.

తర్వాత నన్ను తనవైపు తిప్పుకున్నారు. నా కళ్లలోకి చూశారు. తర్వాత ఆయన చెయ్యి నా ఛాతీ దగ్గరికి వచ్చింది. ముడి వెతికింది. దొరికింది.

గుంజలేదు. గుంజితే పిచ్చి భయంలో గుంజారు అనుకునేదాన్ని. వేలు దూర్చి, వదులు చేసి, కొస పట్టుకుని లాగారు. పై ముడి ఊడింది. చెయ్యి కింది ముడికి వెళ్లింది.

ఆయన చెయ్యి కొరికాను. పళ్లకి ఎముక తగిలింది. పక్కన నీళ్ల డబ్బా తేలుతోంది, సగం ఖాళీది. దాన్ని ఆయన ఎదురు రొమ్ముకి తోశాను. కాలు ఆయన కడుపుకి ఆనించి తన్ని దూరం జరిగాను. ఆయన డబ్బాని కావలించుకున్నారు. నేను పై ముడి మళ్లీ కట్టుకున్నాను. నా చేతులు కట్టాయి.

సుబ్బరత్నం గారు పడవకి అవతలివైపు ఉన్నారు. ఏమీ చూడలేదు.

ఆయన చెయ్యి మీద గాటు ఇంకా ఉంది. పడవ చెక్క గీరుకుందని అందరికీ చెప్పారు.

ఆయనకి తెలియదు. ఏం చేస్తున్నారో ఆ క్షణంలో తెలిసి ఉండదు. తెలియదు.

7 మార్చి, ఆదివారం

అంతోని గారి ఇంటికి వెళ్లాను. సంపూర్ణని ఆయన కూతురి దగ్గర వదిలి, వరండాలో కూర్చుని అంతా చెప్పాను. ఇంకెవరికీ చెప్పలేదు, చెప్పను.

ఆయన కుర్చీ నావైపు జరుపుకున్నారు.

"ఇంజనీరు గారు నా దగ్గర పడవ కింద దూరలేదమ్మా. సుబ్బరత్నం చూశానన్నాడు. నమ్మాను. నమ్మకుండా ఉండాల్సింది."

"ఆయనకి తెలిసి చేశారంటారా?"

"నేనేం చెప్పను? నీళ్లలో మనిషి వేరు అనే చెప్పగలను."

"ఎక్కడం వేరు, ముడి విప్పడం వేరు కదండీ."

తల దించుకున్నారు. "వేరే," అన్నారు.

కాదని అంటారనే అంతదూరం వెళ్లాను.

9 మార్చి

సంపూర్ణ పక్కన పడుకుంటున్నాను. దానికి దగ్గుగా ఉందని చెప్పాను. దానికి దగ్గు లేదు.

14 మార్చి, ఆదివారం

భోజనాల దగ్గర మావారు హుషారుగా ఉన్నారు. పడవ బాగుచేయించారట, రేవుకి వచ్చేసిందట.

"వచ్చే ఆదివారం మన సంపూర్ణని తీసుకెళ్తా. ఏమే, వస్తావా? ద్వీపం చుట్టి వద్దాం."

అది ఎగిరి గంతేసింది. అత్తయ్య వద్దురా అన్నారు. ఆయన నవ్వారు. "అమ్మా, వాళ్లమ్మనే సముద్రంలోంచి తెచ్చాను. ఇది ఏరు."

నా చేతిలో గరిటె ఉంది. పప్పు గిన్నెలో పెట్టేశాను. అత్తయ్యా సంపూర్ణా వెళ్లి నడుం వాల్చే దాకా ఆగాను. ఆయన వరండాలో పేపరు చదువుతున్నారు.

"సంపూర్ణని మీతో పడవ మీద పంపను."

"ఎందుకే? నీ భయం దానికి కూడా అంటిస్తావా?"

"పంపను."

"కారణం చెప్పు."

స్తంభం పట్టుకున్నాను.

"మీరు నా ముడి విప్పారు."

కాదంటారనుకున్నాను. ఏం ముడి అంటారనుకున్నాను. పిచ్చిదానా, భ్రమపడ్డావు అంటారని, అంటే ఎలాగోలా నమ్ముదామని కూడా సిద్ధపడ్డాను.

ఆయన పేపరు మడిచారు. మళ్లీ మడిచారు. ఇంక మడవడానికి లేనంత చిన్నది చేశారు.

"నీకు తెలియదనుకున్నాను," అన్నారు.

15 మార్చి

ఆయనకి తెలుసు. ఇన్నాళ్లూ, అందరి ముందూ చేతులు చాచి చెబుతున్నంతసేపూ తెలుసు.

ఇంట్లో ఎప్పటిలాగే అన్నీ జరుగుతున్నాయి. పాలవాడు వచ్చాడు. స్కూల్లో భిన్నాలు చెప్పాను. మా అమ్మ దగ్గరికి హనుమాన్ జంక్షన్ వెళ్లిపోదామా అని ఆలోచించాను. బస్సు కూడా ఆలోచించాను. ఏమని చెప్పి వెళ్లను?

17 మార్చి

సాయంత్రం వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. లోపలికి రాలేదు.

"నాకు నీళ్లంటే భయం అమలా. తల ముంచలేను. చిన్నప్పటి నుంచీ అంతే. మొహం కడుక్కుంటే కూడా కళ్లు మూసుకోను."

ఇన్నేళ్లలో నేను చూడలేదు. చూశానేమో. కొళాయి దగ్గర ఆయన మొహం తడిచేత్తో తుడుచుకోవడం గుర్తొచ్చింది.

"మరి పడవ ఎందుకు కొన్నారు?"

"భయం లేనట్టు ఉంటుందని."

ఉల్లిపాయ తరుగుతున్నాను. తరుగుతూనే ఉన్నాను.

"ఆ ముడి..." అన్నారు. "నిన్ను చూశాను. నువ్వే అని తెలుసు. తెలిసే... అంతకంటే నాకు తెలీదు అమలా. నేను చచ్చిపోతున్నాను అనుకున్నాను."

"నేనూ చచ్చిపోయేదాన్ని."

"అవును."

క్షమించమని అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో. అడగనందుకు బతికిపోయాను.

28 మార్చి

అంతోని గారి దగ్గరికి నేర్చుకోవడానికి వెళ్తానన్నారు, నన్ను రమ్మన్నారు. నీళ్లలో దిగనని చెప్పే వెళ్లాను. పై మెట్టు మీద కూర్చున్నాను.

నడుములోతులో నిలబడి మొహం నీళ్లలో పెట్టమన్నారు అంతోని గారు. అంతే పని. సంపూర్ణ స్నానం చేస్తూ చేసే పని. మావారు వంగారు, లేచారు, వంగారు, లేచారు. ఒళ్లంతా వణుకు. చిన్నపిల్లాడిలా మూలిగారు. రేవులో బట్టలుతికేవాళ్లు చూస్తున్నారు. పవర్ హౌస్ ఇంజనీరు గారిని అందరూ చూస్తున్నారు.

చివరికి మొహం పెట్టారు. లేవగానే దగ్గుతూ నాకోసం మెట్ల వైపు వెతికారు. నేను చూస్తున్నానని తెలిసేలా ఉన్నాను, అంతవరకే.

జాలి వేసింది. జాలి వేసినా దగ్గరికి వెళ్లడానికి భయం వేసింది. రెండూ ఒకేసారి ఉంటాయని నాకిన్నాళ్లూ తెలియదు.

11 ఏప్రిల్

మట్టల ఆదివారం. పూజ అయ్యాక రేవు. ఇవాళ చెవులు ముంచారు.

18 ఏప్రిల్, ఈస్టర్

సుబ్బరత్నం గారు భార్యతో భోజనానికి వచ్చారు. అంతోని గారిని కూడా పిలిచాం. అత్తయ్య కోడిపలావు వండారు. చాపలు పరిచి అందరం కూర్చున్నాం.

సుబ్బరత్నం గారి భార్య సముద్రం కథ ఇంకా మావారి నోట వినలేదట. "మా ఆయన చెబితే సగం నవ్వే ఉంటుందండీ. మీరు చెప్పండి," అన్నారు.

సంపూర్ణకి ఆ కథంటే ప్రాణం. "నాన్నా, అమ్మని ఎట్లా కాపాడావో చెప్పు!" అని తండ్రి మోకాలి మీద చెయ్యేసింది.

ఆయన చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. నావైపు చూశారు. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. నేనేదో అనాలి. 'ఎన్నిసార్లు వింటావే' అనో, 'ముందు అన్నం తిను' అనో అనాలి. ఇన్నేళ్లూ అలాంటి మాటలన్నీ నేనే అంటూ వచ్చాను. నోటి దాకా వచ్చింది. మింగేశాను.

"నేను కాపాడలేదమ్మా," అన్నారు ఆయన.

అత్తయ్య తల ఎత్తారు.

"అమ్మే తనని తను కాపాడుకుంది. నన్ను కూడా."

"మరి నువ్వేం చేశావు?"

"భయపడ్డాను."

"భయపడి?"

సుబ్బరత్నం గారు దగ్గారు. అంతోని గారు ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపారు.

"భయపడి, అమ్మ లైఫ్ జాకెట్ తీసేసుకుందామని చూశాను."

పలావు మీద ఆవిరి లేస్తోంది. ఎవరూ తినడం లేదు. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సంపూర్ణ తండ్రిని చూసింది, నన్ను చూసింది. లెక్క చేసేటప్పుడు దాని కనుబొమలు దగ్గరికి వస్తాయి, అలా వచ్చాయి.

"అమ్మ ఇచ్చిందా?"

"ఇవ్వలేదు."

"మంచి పని చేసింది," అంది సంపూర్ణ. కాస్త ఆలోచించి, తండ్రి మోకాలి మీది చెయ్యి తీసేసి, నా పక్కకి జరిగి కూర్చుని అన్నం కలుపుకుంది.

ఆయన ఏడ్చారు. అందరి ముందూ, ఎడమచేత్తో మొహం కప్పుకుని. వెళ్లి ఓదార్చాలని అత్తయ్య నాకు కళ్లతో చెబుతున్నారు. నేను లేచాను. గ్లాసులో మంచినీళ్లు పోసి ఆయన పళ్లెం పక్కన పెట్టాను. మళ్లీ వచ్చి నా కూతురి పక్కనే కూర్చున్నాను.

అన్నం చల్లారిపోయింది. తినేశాను.